పాపర్ల పనిలో నేను అనుమానించిన మనుషులు

ఈమధ్య నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. బాపట్ల నుంచి ఒకరు, నరసరావుపేట నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఇద్దరు. అందరూ ఇంట్లో పాపర్లు చేసి అమ్ముకుందామనుకుంటున్నవాళ్ళే. ఏ రబ్బరు కొనాలి, ఏ గమ్ము వాడాలి, ఏ రంగుకి చేప పడుతుంది అని అడుగుతారు. అవి చెప్పడానికి పది నిమిషాలు చాలు, చెప్తున్నాను కూడా. ఈ పనిలో దేన్ని అనుమానించాలి, ఎవరిని అనుమానించకూడదు అని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నన్ను నిజంగా ముంచింది అదే. చూపు సరిగ్గా ఆనడం లేదని పని ఆపేశాను కాబట్టి ఇక దాచుకోవాల్సిందేమీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పని ఏమిటంటే

పాపర్ అంటే నీటి మీద తేలే దొంగ ఎర. బొటనవేలి కణుపంత రబ్బరు ముక్క. ముందువైపు చిన్న గుంట, వెనక కోడి ఈకల తోక, కడుపులో గాలపు ముల్లు. లాగినప్పుడు ఆ గుంట నీటిని కొట్టి టప్పుమంటుంది. కప్ప దూకిందనుకుని కొర్రమీను వచ్చి పట్టుకుంటుంది. దీన్ని విసిరేది ఫ్లై రాడ్ అనే సన్నటి కర్రతో. మామూలు గాలంలో ఎర బరువుకి దారం వెళ్తుంది. ఇందులో దారానికే బరువుంటుంది, ఎరకి ఉండకూడదు. అందుకని చెక్కకన్నా నురగ రబ్బరు మేలు. హవాయి చెప్పులు కోసే షీటే అది.

నేను ఈ పనిలోకి చేపల వైపు నుంచి రాలేదు, చెప్పుల వైపు నుంచి వచ్చాను. గుంటూరులో ఒక చెప్పుల యూనిట్‌లో ఇరవై రెండేళ్ళు షీట్లు వేరుచేశాను. ఏది కోతకి పోవాలి, ఏది పక్కన పడెయ్యాలి అన్నది నా పని. యూనిట్ మూతపడ్డాక మా పొన్నూరు వచ్చేసి, ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని, తెగిన చెప్పులు బాగుచేస్తూ కూర్చున్నాను. అప్పుడొచ్చారు డేవిడ్ మాస్టారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళ చర్చి హాస్టల్‌కి వచ్చిన విదేశీ అతిథి ఒకాయన వెళ్తూ ఇచ్చిపోయిన ఫ్లై రాడ్ ఆయన దగ్గరుండేది. చితికిపోయిన పాపరొకటి నా చేతిలో పెట్టి, చెప్పు రబ్బరుతో ఇలాంటిది చెయ్యగలవా మస్తాన్ అని అడిగారు.

మొదట చేసింది పక్కకి పడుకుంది. రెండోది ముక్కు కిందికి పెట్టి మునిగింది. ముల్లుని కడుపులో మరీ లోతుగా దించితే చేప నోట్లో గుచ్చుకోదని నాలుగోదానికి తెలిసింది. ఆరోదానికి మాస్టారు కాలవలో మోచేతి పొడవు కొర్రమీనుని పట్టి, అది ఇంకా కొట్టుకుంటుండగానే సైకిల్ మీద తెచ్చి చూపించారు. ఆ ఫోటో ఆయన ఎవరికో పంపితే, వాళ్ళు ఇంకెవరికో పంపితే, చివరికి బెంగళూరులో చేపల వేట సామాన్లు అమ్మే ఒక షాపాయన ఫోన్ చేశాడు. ఆ తర్వాత చెప్పులు బాగుచెయ్యడానికి నాకు తీరిక దొరకలేదు.

పద్ధతి పెద్ద రహస్యం కాదు. ఇత్తడి గొట్టం అంచుని ఆకురాయితో పదును పెట్టి, డ్రిల్లింగ్ మెషీన్‌కి బిగించి, సబ్బు నీళ్ళు రాసి షీట్‌లో దించితే గుండ్రటి బుడిపె వస్తుంది. ఇనప గుండు ఒకటి కాల్చి ముందువైపు అద్దితే గుంట పడుతుంది. కడుపున బ్లేడుతో చీలిక పెట్టి, దారం చుట్టిన ముల్లుని గమ్ముతో అందులో కూర్చోబెట్టాలి. ముల్లు మీద నూనె ఉంటుంది, తుడవకపోతే గమ్ము పట్టదు. ఆపైన రంగు, కళ్ళు. గోళ్ళ రంగుకన్నా మంచి రంగు నాకు ఇంతవరకూ దొరకలేదు.

వెంకటరత్నం గారి దగ్గర నేర్చుకున్నవి

చెప్పుల యూనిట్ యజమాని వెంకటరత్నం గారు. నా చేతికి పని నేర్పింది ఆయనే. నేను చేరిన వారంలో ఒక షీట్ నేల మీద పరిచి, దాని మీద మడమ ఆనించి నిలబడమన్నారు. పది లెక్కపెట్టి కాలు తియ్యమన్నారు. మడమ గుంట వెంటనే పైకి లేచి పూడిపోతే లోపల గాలి గదులు మూసుకుని ఉన్నట్టు. గుంట అలాగే ఉండిపోతే గదులు పగిలిపోయినట్టు, ఆ షీట్ నీళ్ళు తాగుతుంది. "ఎవడిచ్చాడని చూడొద్దు. తొక్కి చూడు" అన్నారు. ఇరవై రెండేళ్ళు అదే చేశాను.

ఆయన దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వెళ్ళే ప్రతి మనిషి ముఖం చూసేవారు. అన్నం క్యారియర్లు తెరిపించేవారు. పట్టుబడినవాళ్ళని నేను చూళ్ళేదు, కానీ ఎవరో ఒకరు తీసుకుపోతున్నారన్న నమ్మకం మాత్రం ఆయనకి పోలేదు. కొన్నాళ్ళకి నాకూ అంటుకుంది. షీట్‌ని అనుమానించడం పని. మనుషులని అలా చూడటం పని కాదు. రెండూ ఒకే చోట, ఒకే మనిషి దగ్గర నేర్చుకోవడంతో నాకు ఆ తేడా తెలియకుండా పోయింది.

యూనిట్ మూసేశాక ఆయన గుంటూరు మిర్చి యార్డు దగ్గర గోడౌన్ తీసుకుని షీట్ల వ్యాపారం పెట్టారు. పాపర్లకి నేను కొన్న ప్రతి షీటూ అక్కడిదే. కట్ట విప్పి నాలుగు పక్కలా చూసుకుని తెచ్చుకునేవాణ్ణి. మడమ మాత్రం ఎప్పుడూ ఆనించలేదు. ఆయన సరుకు మీద కాలు పెట్టడం నాకు మర్యాదగా అనిపించలేదు.

దీనమ్మ

పని పెరిగాక తోకలు కట్టడానికి మనిషి కావాల్సొచ్చింది. మాస్టారు వాళ్ళ చర్చికి వచ్చే దీనమ్మని పంపించారు. పుట్టిల్లు వేటపాలెం. పెళ్ళికి ముందు అక్కడ జీడిపప్పు యూనిట్‌లో పప్పు విరక్కుండా పొట్టు తీసిన వేళ్ళు ఆమెవి. అంతకన్నా పరీక్ష నేను పెట్టక్కర్లేదు. కోడి ఈక వెన్నుని నలపకుండా ముల్లుకి కట్టి, రబ్బరు గొంతు దగ్గర నూలు బిగించి ముడి వేసేది. ఆమె కట్టిన తోక పాతిక చేపలు కొరికినా ఊడదని మాస్టారు చెప్పేవారు.

నన్ను అన్నా అని పిలిచేది. మధ్యాహ్నం దాకా షెడ్డులో కూర్చుని, మిగిలినవి సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి కట్టుకొచ్చేది. అలా ఏడేళ్ళు గడిచాయి. చెప్పుకోవాల్సిన గొడవ ఒక్కటి లేదు.

మునిగినవి

ఒక ఎండాకాలం బెంగళూరు షాపాయన ఫోన్‌లో వీడియో పంపాడు. నా పాపర్. పసుపు పచ్చ ఒళ్ళు, నల్ల కళ్ళు. మొదటి విసురుకి బాగానే తేలింది. పది పదిహేను సార్లు లాగాక తోక కిందికి వాలింది. ఇంకో పదికి కళ్ళ దాకా మునిగి, ఆ తర్వాత కనపడలేదు. కింద ఒక్క ముక్క రాశాడు: కారణం చెప్తేనే మళ్ళీ ఆర్డరు. వారంలో ఒక అట్టపెట్టె నిండా వెనక్కి వచ్చాయి.

నేను వాటిని బకెట్‌లో వేశాను. అన్నీ తేలాయి. సాయంత్రం దాకా తేలుతూనే ఉన్నాయి. మాస్టారు కాలవ దగ్గరికి తీసుకెళ్ళి గంటసేపు విసిరితే అన్నీ మునిగాయి. నీటిలో లాగి కొడితే తప్ప బయటపడని తప్పు అది. బకెట్ పరీక్షని నమ్ముకుని కూర్చోవద్దని మీకు మొదటి సలహా.

అప్పుడు నేను చెయ్యాల్సింది రబ్బరుని కోసి చూడటం. కానీ నా బుర్ర గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. రబ్బరు వెంకటరత్నం గారిది, కాబట్టి మంచిదే. కోసింది నేను, కాబట్టి సరిగ్గానే కోశాను. ఇక మిగిలిందెవరు? సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళే మనిషి. దీనమ్మ తమ్ముడు బస్టాండు దగ్గర చెప్పులు అమ్ముతాడన్న సంగతి నాకు ఏడేళ్ళుగా తెలుసు. ఆ వారమే అది కొత్తగా గుర్తొచ్చింది. నా మంచి బుడిపెలు ఉంచేసుకుని, నాసి రబ్బరుతో కోసినవి తెచ్చిస్తోందేమో. నా నమూనాలు ఇంకెవరికో అందిస్తోందేమో. ఆలోచించేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుంటూ పోయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. అంతకు రెండు నెలల ముందునుంచీ ఆమె నాతో ఒక సంగతి చెప్తూనే ఉంది. నూలు బిగించిన చోట రబ్బరు నొక్కుకుపోయి మళ్ళీ లేవట్లేదని. ఒకసారి టీ తాగుతూ చెప్పింది. ఇంకోసారి బుడిపె తెచ్చి, వేలితో నొక్కి చూపించింది. మూడోసారి చెప్పినప్పుడు, నువ్వు ఎక్కువ బిగిస్తున్నావు, తగ్గించు అన్నాను. వీడియో వచ్చాక ఆ మాటలే తలకిందులుగా వినపడ్డాయి. తప్పుని ముందే రబ్బరు మీదికి నెట్టి పెట్టుకుందని అనిపించింది.

ఎర్రచుక్క

ఆమెకిచ్చే బుడిపెల చీలికలో, ముల్లు కూర్చునే చోట, సూదితో ఎర్ర సిరా చుక్క పెట్టడం మొదలుపెట్టాను. ముల్లు పెట్టి గమ్ముతో మూసి ఇస్తే బయటికి కనపడదు. తిరిగొచ్చాక కోసి చూస్తే చుక్క ఉంటే నాది, లేకపోతే మార్చినట్టు. నాలుగు విడతలు అలా ఇచ్చాను. ప్రతి విడతలో కొన్ని కోసి చూశాను. అన్నిట్లో చుక్క ఉంది.

అక్కడితో నా అనుమానం తీరాలి. తీరలేదు. చుక్క చూసేసి జాగ్రత్తపడిందనుకున్నాను. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు ఈ ఒక్క చోట ఆగి చదవండి. ఒక మనిషి తప్పు చెయ్యలేదన్న రుజువు చేతిలో ఉండి, దాన్నే ఆ మనిషి తెలివికి రుజువుగా లెక్కేస్తున్నారంటే, ఇక మీరు వెతుకుతున్నది నిజం కాదు.

మాస్టారికి చెప్పాను. ఆయన, ఆమెనే అడిగితే అయిపోయేదిగా అన్నారు. అడిగితే నిజం చెప్తుందా అన్నాను. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు.

రెండు రోజుల తర్వాత దీనమ్మే అడిగింది. ఉదయం వచ్చి కూర్చుని, బుడిపె ఒకటి తీసి చీలిక విప్పి నా ముందు పెట్టింది.

"అన్నా, లోపల ఎర్రచుక్క పెడుతున్నావు. దేనికి?"

లాట్ గుర్తు అన్నాను.

"గుర్తయితే పైన పెడతావు గదా. దాచిపెట్టడం దేనికి?"

నేను ఆ బుడిపె తీసుకుని చీలిక మూయబోయాను. ఆమెకి అది చాలింది.

"రబ్బరు లేవట్లేదని నీకు మూడుసార్లు చెప్పా. రబ్బరుని అనుమానించలా నువ్వు. నన్ను అనుమానించావు."

గొంతు పెంచలేదు. కత్తెర, నూలు ఉండ, మైనం ముక్క అన్నీ పళ్ళెంలో సర్దింది. కట్టాల్సిన ఈకలు గాలికి పోకుండా వాటి మీద రాయి పెట్టింది. లేచి వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. దొరికిపోయింది కాబట్టి వెళ్ళిపోయిందనే అనుకున్నాను.

ఆ వారంలోనే వీధిలో మాట పాకింది. మస్తాన్ షెడ్డులో ఏదో పోయిందట, అందుకే దీనమ్మ మానేసిందట. ఆ మాట నేను పుట్టించలేదు. కానీ అడిగినవాళ్ళకి కాదని కూడా చెప్పలేదు.

గోడౌన్‌లో

ఆమె వెళ్ళాక తోకలు నేనే కట్టాల్సొచ్చింది. మొదటిదానికి గొంతు దగ్గర నూలు బిగించాను, రబ్బరు నొక్కుకుంది. నూలు విప్పేశాను, లేవలేదు. ఇంకొకటి వదులుగా చుట్టాను, అదీ అంతే. 

తర్వాత షెడ్డులో మూలనున్న షీట్ తీసి నేల మీద పరిచాను. మడమ ఆనించి పది లెక్కపెట్టాను. కాలు తీశాక నా మడమ ముద్ర చెప్పులో పడ్డట్టు అలాగే ఉంది. కిందున్న షీటూ అంతే. అటక మీద ఆరేడేళ్ళ కిందటి ముక్క ఒకటి దొరికింది. దాని మీద గుంట కాలు తీసేలోపే పూడిపోయింది.

ఒక రబ్బరుతోనే సరిపెట్టలేదు. ఈసారి నన్ను నేను కూడా అనుమానించాను. ఆ ఏడాది మొదట్లో నేను ఒక మార్పు చేశాను. ఇనప గుండు కాల్చి అద్దడం ఆలస్యమవుతోందని, మెషీన్‌కి సానరాయి బిగించి గుంట తొలచడం మొదలుపెట్టాను. కాల్చిన గుండు రబ్బరు పైపొరని కరిగించి మూసేస్తుంది. సానరాయి తెరిచి వదిలేస్తుంది. మాస్టారు, నేను కాలవ గట్టున రెండు రోజులు కూర్చుని అన్ని రకాలూ విసిరాం. మంచి రబ్బరుకి సానరాయి గుంట పెడితే తేలింది. చెడ్డ రబ్బరుకి కాల్చిన గుంట పెడితే చాలావరకు తేలింది. చెడ్డ రబ్బరూ, సానరాయీ కలిస్తేనే మునిగింది. అంటే సగం వెంకటరత్నం గారు, సగం నేను. దీనమ్మ చెయ్యి ఇందులో ఎక్కడా లేదు.

మర్నాడు షీట్ చుట్టి పట్టుకుని గుంటూరు బస్సెక్కాను. యార్డు దగ్గర దిగేసరికి మిర్చి ఘాటుకి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. వెంకటరత్నం గారు గోడౌన్ గుమ్మంలో ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. కుర్చీ వేయించారు, మజ్జిగ తెప్పించారు. నేను షీట్ పరిచి, ఆయన ముందే తొక్కి చూపించాను. ఆయన గుంట వంక చూశారు, ఆశ్చర్యపోలేదు.

"ఇవి రిజెక్టులే మస్తాన్. ఏడాదినుంచీ ఇవే వస్తున్నాయి. నువ్వు తొక్కి చూళ్ళేదా?"

"మీరిచ్చారని చూళ్ళేదండి."

"నీకు నేర్పిందే అది గదయ్యా" అన్నారు, మజ్జిగ గ్లాసు నావైపు జరుపుతూ.

ఆయన కావాలనే అంటగట్టారా, నేను చూసుకునే తీసుకెళ్తున్నానని నిజంగానే అనుకున్నారా, నాకు ఈరోజుకీ తెలియదు. ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది. ఆయన ముఖం మీద అడగడానికి నాకు నోరు రాలేదు. ఏ ఆధారం లేని దీనమ్మ మీద నాలుగు విడతలు సూది పట్టుకుని కూర్చున్నవాణ్ణి, ఎదురుగా సరుకుతో దొరికిన ఆయన్ని ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. మనం ఎవరిని అనుమానిస్తామన్నది చాలాసార్లు తప్పుని బట్టి ఉండదు. ఎవరిని అనుమానించడం తేలికో దాన్ని బట్టి ఉంటుంది. నా పని జీవితంలో నాకు సిగ్గు తెప్పించే సంగతి ఇదే.

షీట్లు వేరే చోట కొనడం మొదలుపెట్టాను. బెంగళూరు షాపాయనకి కారణం ఉన్నదున్నట్టు రాసి, కొత్తవి చేసి పంపాను. ఆయన వాటిని మూడు వారాలు వాడి చూసి మళ్ళీ ఆర్డరు ఇచ్చాడు.

వేటపాలెం

దీనమ్మ పుట్టింటికి వెళ్ళి జీడిపప్పు పనిలో చేరిందని తెలిసింది. మీరు కూడా రండి, మీ మాట వింటుంది అని మాస్టారిని అడిగాను. "అనుమానించింది నువ్వు. వెళ్ళాల్సింది నువ్వే" అన్నారు ఆయన.

పని వదిలే వేళకి యూనిట్ గేటు బయట నిలబడ్డాను. ఆడవాళ్ళ గుంపులో బయటికొచ్చింది. పచ్చి గింజలు కొట్టే చోట వేసినట్టున్నారు, జీడి నూనెకి వేళ్ళు నల్లబడి చర్మం లేచిపోయి ఉంది. తోకలు కట్టిన వేళ్ళు అవి. తప్పు రబ్బరుది, నాది అని చెప్పాను. మిగతావాళ్ళు వింటున్నారు. వాళ్ళ ముందే చెప్పాలనుకున్నాను.

ఆమె మొత్తం విన్నది. తర్వాత అడిగింది.

"మా వీధిలో కూడా చెప్పారా?"

లేదన్నాను.

"ముందు అక్కడ చెప్పండి మస్తాన్ గారూ."

అన్నా అనలేదు. నువ్వు అనలేదు. గేటు ముందు ఎండలో నిలబడి, ఆ గారూ విన్నాక నాకు అర్థమైంది నేనేం పోగొట్టుకున్నానో.

పొన్నూరు వచ్చి వాళ్ళ వీధిలో నాలుగు గుమ్మాలు ఎక్కాను. కొందరు విన్నారు. ఒకావిడ, ఇప్పుడొచ్చి చెప్తే ఏం లాభం అని తలుపేసుకుంది. బస్టాండు దగ్గర ఆమె తమ్ముడికి కూడా చెప్పాను. అతను చెప్పులు తుడుస్తూనే ఉన్నాడు, తల ఎత్తలేదు.

జీడి సీజను అయ్యాక దీనమ్మ తిరిగొచ్చింది. షరతులు పెట్టింది. ఏ షీటైనా తను నొక్కి చూశాకే కోతకి పోవాలి. ఇంటికి పని తీసుకెళ్ళదు. తన సంచి షెడ్డు లోపలికి రాదు. అన్నిటికీ ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఆరేళ్ళు కలిసి పనిచేశాం. ఆ ఆరేళ్ళలో ఒక్క పాపరూ వెనక్కి రాలేదు. నేను తెచ్చిన షీట్లలో ఎన్నో ఆమె పక్కన పడేసింది. మాట్లాడుకునేవాళ్ళం, పిల్లల పెళ్ళిళ్ళకి పిలుచుకున్నాం. వాళ్ళింట్లో భోజనం చేశాను. కానీ పిలుపు మాత్రం మారలేదు. కొన్ని తప్పులకి క్షమాపణ దొరుకుతుంది, పాత చనువు దొరకదు. దాన్ని అడగడం కూడా అన్యాయమే.

నిరుడు కంటి ఆపరేషన్ అయ్యాక చీలిక తిన్నగా కోయలేకపోయాను. షెడ్డు మూసేద్దామని, మెషీను, గొట్టాలు, ముళ్ళ డబ్బాలు, మిగిలిన షీట్లు అన్నీ దీనమ్మని తీసుకోమన్నాను. ఆమె వాటన్నిటినీ ఒకసారి చూసుకుని, ఇచ్చినట్టు కాగితం రాసిమ్మంది.

"ఇవి ఎక్కడివని నిన్నెవరు అడుగుతారమ్మా?" అన్నాను.

"ఎవరైనా అడగొచ్చు. మీరైనా అడగొచ్చు."

ముఖంలో ఎగతాళి లేదు, కోపమూ లేదు. కావాల్సిన వస్తువు అడిగినట్టే అడిగింది. మాస్టారిని సాక్షిగా పిలిపించాం. ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను ఒక్కో వస్తువూ రాస్తుంటే దీనమ్మ దాని మీద చెయ్యి పెట్టి చూసుకుంది. చిన్న ఇత్తడి గొట్టం రాయడం మర్చిపోయానని గుర్తుచేసింది, అదీ రాశాను. నేను సంతకం చేశాక మాస్టారు చేశారు. ఆమె కాగితం మొదటినుంచీ చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, సామాను ఆటోలోకి ఎక్కించింది.

మర్నాడు ఆ కాగితం జిరాక్స్ తీయించి, ఒకటి నాకు పంపించింది.